గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు ఆగిపోతుంది? ప్రయాణంలో వైఫై గురించి ఒక ప్రసంగం

(మా గ్రంథాలయ మందిరంలో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగాన్ని, ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాము. తడబాట్లు తప్ప మిగతా మాటలన్నీ వక్త పలికినట్లే ఉంచాము.)

సభకు నమస్కారం. వెనక వరుసలో ఉన్న అమ్మలకు నా మాట వినబడుతోందా? వినబడుతోంది కదా, మంచిది. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వచ్చిన పిల్లలు కాసేపు వాటిని తెరవకుండా ఉంచండి. వాటితో చివర్లో పని ఉంది.

ఊరు దాటి వెళ్లినప్పుడు, లాడ్జిలోనో, సత్రంలోనో, చుట్టాలింట్లోనో, రైల్వే స్టేషన్‌లోనో కంప్యూటర్‌కు వైఫై సరిగా అందకపోతే ఏం చేయాలన్నదే ఈ రోజు మనం మాట్లాడుకునే విషయం. ఇంట్లో నెట్ చెడిపోతే మనకు రౌటర్ ఎక్కడుందో తెలుసు, ఎవరికి ఫోను చేయాలో తెలుసు. పరాయిచోట రౌటర్ కనబడదు, దాని తాళాలు మన చేతిలో ఉండవు, మన చేతిలో ఉన్నది ఒక్క కంప్యూటరూ ఒక ఫోనూ మాత్రమే. వాటితోనే ఎంతవరకు చేయగలమో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నిరుడు మా మేనకోడలు మొక్కు తీర్చుకోవడానికి ఇంటిల్లిపాదితో తిరుపతి వెళ్లింది. దర్శనం అయిపోయింది, లాడ్జికి తిరిగి వచ్చారు. ఆ రాత్రి 8 గంటలకు ఆ పిల్లకు ఒక ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. ఏడుంబావుకు నాకు ఫోను చేసింది. "మావయ్యా, గీతలన్నీ నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది" అంది. అప్పటికి ఆ అమ్మాయి ఏం చేసిందో వినండి. వైఫై ఆపి మళ్లీ పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. గది వదిలి నడవలోకి వెళ్లింది, నడవ వదిలి కింద రిసెప్షన్ దగ్గర కూర్చుంది, అక్కడా అంతే. ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంటలో చేసిన పనులన్నీ చెడిపోని భాగాన్ని బాగుచేసే పనులు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా ప్రసంగమంతా సులభంగా అర్థమవుతుంది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మీ కంప్యూటర్ నుంచి బయలుదేరిన సమాచారానికి రెండు మజిలీలు ఉంటాయి. మొదటి మజిలీ మీ కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా, గాలిలో. రెండవ మజిలీ ఆ రౌటర్ నుంచి బయటి ప్రపంచం దాకా, ఫైబర్ తీగలో. తెర మూలన కనబడే ఆ వంపు గీతలు ఏ మజిలీ గురించి చెబుతాయి? ఎవరైనా చెప్పగలరా? అవునమ్మా, మొదటి దాని గురించే. రెండవ మజిలీలో తీగ తెగిపోయినా, ఆ తీగను నలభై గదులు పంచుకుంటున్నా, గీతలు నిండుగానే ఉంటాయి. గీతలు నిండుగా ఉండటమంటే రౌటర్ మనకు బాగా వినబడుతోందని అర్థం. దాని దగ్గర మనకు ఇవ్వడానికి నెట్ ఉందో లేదో గీతలకు తెలియదు.

కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది, ఆగింది ఏ మజిలీలో అన్నది. దీనికి రెండు నిమిషాలు చాలు. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి తెర ఒకటి ఉంటుంది, వెతుకు పెట్టెలో ఆ పేరు కొడితే వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఆంగ్లంలో టైపు చేస్తే, వచ్చే వరుసల్లో డిఫాల్ట్ గేట్‌వే అన్నచోట 192.168.1.1 వంటి అంకెలు కనబడతాయి. అదే మీరు కలిసి ఉన్న రౌటర్ చిరునామా. ఇప్పుడు పింగ్ అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, ఆ అంకెలు కొట్టండి. కంప్యూటర్ రౌటర్‌ను నాలుగుసార్లు పలకరించి, బదులు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. తరువాత అదే విధంగా 8.8.8.8 అన్న చిరునామాను పింగ్ చేయండి. అది గూగుల్ నడిపే సర్వర్, అంటే లాడ్జి గోడలకు బయట ఉన్న ప్రపంచం. మ్యాక్ వాడేవారు టెర్మినల్‌లో ఇదే చేయవచ్చు, కాకపోతే అక్కడ అది నాలుగుసార్లతో ఆగదు, కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కి మీరే ఆపాలి.

ఇక చదవడం. రౌటర్ నుంచి బదులు పది మిల్లీసెకన్ల లోపు, తడవ తడవకూ ఇంచుమించు ఒకేలా వస్తోందంటే మొదటి మజిలీ బాగున్నట్లే. అది ఒకసారి 4, ఒకసారి 180, ఒకసారి రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, అంటే బదులే రాలేదు, అని వస్తోందంటే గాలిలోనే తగాదా ఉంది. రౌటర్ చక్కగా పలికి, 8.8.8.8 మాత్రం ఆరేడువందలు చూపిస్తున్నా, అసలు పలక్కపోయినా, తగాదా రౌటర్‌కు అవతల ఉందని అనుకోవచ్చు. రెండూ చక్కగా పలుకుతూ పేజీలు మాత్రం తెరుచుకోకపోతే, లాగిన్ పేజీ దగ్గరో, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గరో చిక్కు ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొన్ని లాడ్జీల రౌటర్లు పింగ్‌కు అసలు బదులివ్వకుండా అమర్చి ఉంటాయి. రౌటర్ పలకకుండా బయటి చిరునామా మాత్రం త్వరగా పలికితే కంగారుపడనక్కరలేదు, రెండు మజిలీలూ బాగున్నట్లే.

మా మేనకోడలి చేత ఫోనులోనే ఈ రెండు పనులూ చేయించాను. రౌటర్ 3 మిల్లీసెకన్లలో పలికింది. బయటి చిరునామా ఒకసారి 900 దాటింది, మూడుసార్లు పలకలేదు. రాత్రి భోజనాలయ్యాక గదుల్లోని వాళ్లందరూ ఒకే తీగ మీద వీడియోలు చూస్తున్న సమయం అది. ఆ తీగను ఆ అమ్మాయి బాగుచేయగలదా? నేను బాగుచేయగలనా? లాడ్జి గుమాస్తా కూడా ఆ గంటలో బాగుచేయలేడు. "అమ్మా, ఆ వైఫై వదిలేయి, ఫోను కిటికీ దగ్గర పెట్టి హాట్‌స్పాట్ వేసుకో" అన్నాను. ఫోను తన మొబైల్ డేటాను వైఫైగా పంచడమే హాట్‌స్పాట్. ఇంటర్వ్యూ జరిగింది.

సరే. ఇప్పుడు మొదటి మజిలీ దగ్గరకు వద్దాం. మన చేతిలో ఉన్నది ఎక్కువగా ఇక్కడే.

సిగ్నల్‌ను గీతలతో కాక అంకెలతో చూడటం నేర్చుకోండి. అదే నల్లటి తెరలో నెట్‌ష్, డబ్ల్యూలాన్, షో, ఇంటర్‌ఫేసెస్ అనే నాలుగు మాటలను ఆంగ్లంలో వరుసగా కొడితే, సిగ్నల్ అన్నచోట శాతం కనబడుతుంది. కొత్త విండోస్ ఇందుకు లొకేషన్ అనుమతి అడుగుతుంది, ఆన్ చేయండి. మ్యాక్‌లో ఆప్షన్ మీట పట్టుకుని వైఫై బొమ్మ మీద నొక్కితే మైనస్ 60, మైనస్ 75 వంటి అంకె కనబడుతుంది. అది డీబీఎమ్ అనే కొలత. మైనస్ కాబట్టి అంకె చిన్నదైన కొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ. మైనస్ 60 కాస్తా మైనస్ 63 అయితే, అంటే ఈ కొలతలో 3 తగ్గితే, బలం సగానికి పడిపోయినట్లు, 10 తగ్గితే పదో వంతుకు పడిపోయినట్లు. విండోస్ చూపే వంద శాతం మైనస్ 50కి సమానం, సున్నా శాతం మైనస్ 100కి సమానం. వీడియోలో మాట్లాడటానికి మైనస్ 67 లేదా అంతకంటే మెరుగ్గా, అంటే విండోస్ లెక్కలో 66 శాతం లేదా అంతకు పైన ఉండాలని ఈ రంగంలో పనిచేసేవారు లెక్కవేసుకుంటారు. మైనస్ 80 దగ్గర ఈమెయిల్ ఉత్తరాలు చదువుకోవచ్చు, మాటలు తెగిపోతాయి. గీత ఒకటి తగ్గిందా రెండు తగ్గాయా అని చూస్తూ కూర్చోవడం కన్నా, కుర్చీ మార్చినప్పుడల్లా ఈ అంకె ఎటు కదిలిందో చూడటం వెయ్యిరెట్లు మేలు.

ఎంత దూరం కదలాలి? ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి ఉంది. వైఫై పాతకాలం నుంచి వాడుతున్న 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. గదిలో ఆ తరంగం నేరుగా ఒక్కటే రాదు. గోడకు తగిలి ఒకటి, పైకప్పుకు తగిలి ఒకటి, బీరువాకు తగిలి ఒకటి, ఇలా పలు దారుల్లో వస్తాయి. అవి ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. ఆ మంచిచోటుకూ చెడ్డచోటుకూ మధ్య దూరం ఒక్కోసారి బెత్తెడు మాత్రమే. అవునండీ, బెత్తెడే. బల్ల మీద లాప్‌టాప్‌ను బెత్తెడు పక్కకు జరిపి, లేదా కొంచెం తిప్పి చూడండి. చాలా లాప్‌టాప్‌లలో యాంటెన్నాలు తెర చుట్టూ ఉన్న చట్రంలో ఉంటాయి, లోహపు శరీరం ఉన్న కొన్నింటిలో తెర మడత దగ్గర ఉంటాయి. అందుకే తెరను సగం మూసి, వేరే మానిటర్ పెట్టుకుని పనిచేసేవారికి సిగ్నల్ తగ్గుతుంది. తెరను నిటారుగా తెరవండి, మంచం మీద దుప్పట్ల మధ్య కాకుండా బల్ల మీద పెట్టండి.

గోడల సంగతి మీకు అనుభవంలో తెలిసే ఉంటుంది. ప్లైవుడ్ తలుపు, మామూలు గాజు, కర్టెన్లు పెద్దగా అడ్డు కావు. ఇనుప ఊచల కాంక్రీటు గోడ, స్లాబు, నీళ్ల ట్యాంకు, వెనక లోహపు పూత ఉన్న నిలువుటద్దం, ఇనుప బీరువా, ఇవి సిగ్నల్‌ను మింగేస్తాయి, లేదా వెనక్కి కొట్టేస్తాయి. మన శరీరం కూడా నీళ్లతో నిండినదే కాబట్టి రౌటర్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య మనమే కూర్చుంటే మనమూ ఒక అడ్డుగోడే.

లాడ్జి గదికి దీన్ని అన్వయించి చూద్దాం. చాలా లాడ్జీల్లో రౌటర్ గదిలో ఉండదు, నడవ పైకప్పుకు బిగించి ఉంటుంది. గదిలోకి రాగానే పక్కన స్నానాల గది ఉంటుంది, దానికి టైల్సు, పైపులు, అద్దం. రాసుకునే బల్ల ఎక్కడ ఉంటుంది? కిటికీ పక్కన, అంటే నడవకు వీలైనంత దూరంగా. మనం వెళ్లి సరిగ్గా అక్కడే కూర్చుంటాం. కుర్చీని తలుపు దగ్గరకు లాక్కుని అంకె చూడండి, చాలాసార్లు తేడా వెంటనే కనబడుతుంది. కానీ ఫోను హాట్‌స్పాట్ వాడుతున్నప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేయాలి. ఫోనుకు కావలసిన టవర్ బయట ఉంది, కాబట్టి ఫోను కిటికీ గట్టు మీద ఉండాలి. వైఫై కావాలంటే తలుపు, హాట్‌స్పాట్ కావాలంటే కిటికీ. పిల్లలు ఇది రాసుకోండి.

లాడ్జిలో ఇంకో చిక్కు ఉంది. మీరు కింద రిసెప్షన్ దగ్గర పాస్‌వర్డ్ తీసుకుని అక్కడే కలుపుకుంటారు, తరువాత మూడో అంతస్తుకు ఎక్కుతారు. మూడో అంతస్తులో, మీ తలుపు ఎదురుగానే, అదే పేరుతో ఇంకో రౌటర్ ఉంటుంది. కానీ మీ కంప్యూటర్ కింది రౌటర్‌నే, వినబడీ వినబడనట్లున్నా పట్టుకుని వేలాడుతుంది. సిగ్నల్ పూర్తిగా పోయేవరకు వదలని కంప్యూటర్లు చాలా ఉన్నాయి. గదిలోకి వచ్చాక ఒక్కసారి వైఫై ఆపి మళ్లీ పెట్టండి. అప్పుడది చుట్టూ చూసి దగ్గరిదాన్ని పట్టుకుంటుంది. మా మేనకోడలు చేసిన పని ఇదే కదా అని మీరు అడగవచ్చు. అవును, ఇదే పని. ఆమె తగాదాకు అది మందు కాదు, ఈ తగాదాకు అదే మందు. అందుకే ముందు పింగ్ చేయమంటున్నాను.

ఇక 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల, అంటే వైఫై తరంగాలు నడిచే రెండు దారుల, గొడవ. 2.4 దూరం వెళుతుంది, గోడలు కొంత దాటుతుంది, కానీ అక్కడ రద్దీ ఎక్కువ. ఆ దారిలోని సన్నని పాయలను చానెళ్లు అంటారు, దానిలో ఒకదానితో ఒకటి కలవకుండా ఉండే చానెళ్లు 1, 6, 11 అనే మూడే. పక్క గదుల రౌటర్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ ఆ ఇరుకు సందులోనే తిరుగుతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్లు ఎన్నో, వేగమూ ఎక్కువే, కానీ గోడ అడ్డం వస్తే త్వరగా నీరసించిపోతుంది. నేను పాటించే పద్ధతి చెబుతాను. రౌటర్‌కూ మీకూ మధ్య ఒక తలుపే అడ్డమైతే 5 వాడండి, రెండు గోడలు దాటాలంటే 2.4 వాడండి. రెండింటికీ వేరువేరు పేర్లు ఉంటే ఎంచుకోవడం తేలిక. ఒకే పేరు ఉంటే, కొన్ని విండోస్ కంప్యూటర్లలో డివైస్ మేనేజర్ అనే పరికరాల జాబితాలో వైఫై కార్డు లక్షణాలలో ప్రిఫర్డ్ బ్యాండ్ అనే ఎంపిక ఉంటుంది, అక్కడ మార్చుకోవచ్చు.

మనం గుర్తుపట్టని శత్రువు ఒకటుంది, యూఎస్‌బీ 3 వస్తువులు. బయటి హార్డ్ డిస్కు, పలు తీగలు గుచ్చే హబ్ వంటివి. అవి పనిచేస్తున్నప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ పరిసరాల్లోనే రేడియో గోల పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. ప్రయాణంలో ఫొటోలు డిస్కులోకి ఎక్కిస్తూ, అదే సమయంలో వైఫై పోయిందని బాధపడేవారిని నేను చాలామందిని చూశాను. డిస్కు తీసేసి చూడండి, లేదా తీగ పొడవున్నంత దూరం జరపండి.

చార్జర్ గుచ్చకుండా బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కంప్యూటర్ కరెంటు పొదుపు కోసం వైఫై కార్డును మధ్యమధ్య నిద్రపుచ్చుతుంది. చార్జర్ గుచ్చగానే నెట్ బాగుపడితే కారణం అదేనని తెలుసుకోండి. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు లక్షణాలలో, పవర్ మేనేజ్‌మెంట్ అన్న పేజీ కనబడితే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే గడిలో టిక్కు తీసేయండి.

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు ఈ సభలో ఉన్నట్లున్నారు. వారి కోసం ఒక మాట. మన దేశంలో 2.4 బ్యాండులో 13 చానెళ్లు వాడుకోవచ్చు. అమెరికాలో సాధారణంగా 11 వరకే వాడతారు. అక్కడ కొన్న కొన్ని లాప్‌టాప్‌లు 12, 13 చానెళ్లను వినవు. ఇంట్లో అందరి ఫోన్లకూ వైఫై కనబడుతుంది, మీ లాప్‌టాప్‌కు మాత్రం ఆ పేరే జాబితాలో ఉండదు. కంప్యూటర్ చెడిపోయిందని దుకాణానికి తీసుకువెళ్లకండి. నాన్నగారిని అడిగి రౌటర్ సెట్టింగుల్లో చానెల్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చించండి.

ఒక ఇంటి సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. కోనసీమలో మా బంధువుల ఇల్లు. పాతకాలపు ఇల్లు, మూరెడు మందం ఇటుక గోడలు. రౌటర్ ముందు హాలులో టీవీ వెనక ఉంది, నాకు ఇచ్చిన గది వెనక వసారా పక్కన. మధ్యలో రెండు గోడలు, గోడకు ఆనించి ఇనుప బీరువా. నా లాప్‌టాప్‌లో మైనస్ 84. చుట్టాలింట్లో టీవీ జరపమని, బీరువా జరపమని అడుగుతామా? అడగలేం కదా. వసారా గుమ్మం దగ్గర ఫోను పెట్టి చూస్తే అక్కడ సిగ్నల్ చక్కగా ఉంది. అప్పుడు చేసిన పని ఇది. ఆండ్రాయిడ్ ఫోను వైఫైలో ఉండగానే యూఎస్‌బీ టెదరింగ్ వేస్తే, ఆ ఫోను తనకు అందిన వైఫైనే తీగ ద్వారా కంప్యూటర్‌కు ఇస్తుంది. మొబైల్ డేటా ఖర్చు కాదు. మూడు మీటర్ల తీగ ఒకటి నా సంచీలో ఉంది. ఫోను గుమ్మం దగ్గర, నేను గదిలో బల్ల దగ్గర. ఐఫోను ఈ పని చేయదు, అది తన మొబైల్ డేటాను మాత్రమే పంచుతుంది. ఆ వారం రోజులూ నా పని అలాగే సాగింది. ప్రయాణం సంచీలో నేను తప్పక పెట్టుకునేవి రెండే, ఒకటి ఆ తీగ, రెండవది లాడ్జి గోడలో ఈథర్‌నెట్ సాకెట్, అంటే తీగతో నెట్ ఇచ్చే రంధ్రం, కనబడితే గుచ్చుకోవడానికి చిన్న అడాప్టర్. గోడలో సాకెట్ ఉండి, అందులో నెట్ వస్తుంటే, గాలి మజిలీ మొత్తం తప్పిపోతుంది.

ఇక లాగిన్ పేజీ. లాడ్జి, స్టేషన్, విమానాశ్రయం, ఎక్కడైనా సరే, వైఫైకి కలిసిన తరువాత ఒక పేజీ వచ్చి ఫోను నంబరు అడుగుతుంది, ఓటీపీ పంపుతుంది. ఇలా ఎందుకు అడుగుతారని చాలామంది విసుక్కుంటారు. బహిరంగ వైఫై వాడేవారు ఎవరో నమోదు చేయాలని టెలికాం శాఖ 2009లో ఆదేశాలిచ్చింది, అందుకు. చిక్కంతా ఆ పేజీ రాకపోవడంలో ఉంది. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది, నెట్ మాత్రం రాదు. ఆ పేజీ మనకు చూపించడానికి వాళ్ల రౌటర్ మన మొదటి అభ్యర్థనను మధ్యలో పట్టుకుంటుంది. మీరు ఆఫీసు వీపీఎన్, అంటే సమాచారాన్ని రహస్యంగా చుట్టి పంపే ఏర్పాటు, వేసి ఉంటే, లేదా డీఎన్ఎస్‌ను చేత్తో మార్చి ఉంటే, అది పట్టుకోలేదు. వీపీఎన్ ఆపండి, డీఎన్ఎస్‌ను తిరిగి ఆటోమేటిక్‌లో పెట్టండి. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో ఇందాక చూసిన గేట్‌వే అంకెలు కొట్టండి, చాలాచోట్ల పేజీ వచ్చేస్తుంది. లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్లీ వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. గదికి రెండు పరికరాలే అన్న నిబంధన ఉన్న లాడ్జీలూ ఉంటాయి, మూడవదిగా చేరింది మీ లాప్‌టాపే అయితే ఎవరి ఫోనైనా తీసేస్తేనే దీనికి చోటు.

రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ నడిపే రైల్‌వైర్ వైఫై ఉంటుంది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్ సహకారంతో మొదలై, ఇప్పుడు వేలాది స్టేషన్లకు చేరింది. రోజుకు మొదటి అరగంట ఉచితం. ఓటీపీ రావాలి కాబట్టి మన దేశపు నంబరు చేతిలో లేనివారు దాని మీద ఆధారపడకూడదు. కొన్ని విమానాశ్రయాల్లో పాస్‌పోర్టు చూపి కూపన్ తీసుకునే ఏర్పాటు ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

రెండవ మజిలీలో తగాదా ఉంటే మనం చేయగలిగింది తక్కువే అన్నాను, కానీ చేయగలిగినది పూర్తిగా చేయాలి. ముందు మన కంప్యూటరే ఆ ఇరుకు తీగను నింపుతోందేమో చూడండి. యాత్రలో తీసిన ఫొటోలు మనకు తెలియకుండానే క్లౌడ్‌లోకి ఎక్కుతుంటాయి, విండోస్ అప్‌డేట్లు దిగుతుంటాయి. పైకి వెళ్లే దారి నిండిపోతే కిందికి వచ్చేది కూడా ఆగుతుంది, ఎందుకంటే దిగినదానికి అందింది అని చెప్పే చిన్న చీటీలు కూడా ఆ పైదారిలోనే వెళ్లాలి. సెట్టింగుల్లో ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్ అని గుర్తుపెడితే విండోస్ ఇలాంటి పెద్ద పనులు చాలావరకు వాయిదా వేస్తుంది. పదేపదే స్పీడ్ టెస్ట్ చేయకండి, అది కూడా ఆ తీగను నింపే పనే. మీటింగులో ఉంటే వీడియో ఆపి మాట మాత్రం ఉంచండి. మాటకు సెకనుకు వంద కిలోబిట్ల చిల్లర సరిపోతుంది, వీడియోకు దానికి పదింతలకు పైగా కావాలి. పెద్ద ఫైళ్లు పంపే పని ఉంటే తెల్లవారుజామున లేచి చేయండి. రాత్రి 9 గంటలకు నడవని తీగ, ఉదయం 5 గంటలకు హాయిగా నడుస్తుంది.

హాట్‌స్పాట్ గురించి ఒక్క మాట. ఫోనూ లాప్‌టాపూ ఒకే బల్ల మీద ఉంటే హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి. పాత లాప్‌టాప్‌కు ఆ పేరు కనబడకపోతే 2.4కు మార్చండి, ఐఫోనులో దాన్ని మాక్సిమైజ్ కంపాటిబిలిటీ అంటారు. వీలైతే తీగతోనే కలపండి, చార్జింగూ అవుతుంది.

ఎవరో రైలులో మీటింగుల గురించి అడుగుతున్నారు. అయ్యా, కదిలే రైలులో టవర్ వెంట టవర్ మారుతుంటుంది, ఏసీ పెట్టె లోహపు గోడలు, పూత వేసిన అద్దాలు సిగ్నల్‌ను ఇంకా తగ్గిస్తాయి. గిద్దలూరుకూ నంద్యాలకూ మధ్య నల్లమల అడవిలోనూ, అరకు దారి సొరంగాల్లోనూ కంప్యూటర్‌లో ఏ సెట్టింగు మార్చినా లాభం లేదు, అక్కడ మీటింగు పెట్టుకోకండి. మైదానంలో అయితే ఫోనును కిటికీ దగ్గర ఉంచి, తీగతో కలిపి, మాట మాత్రం నడిపించవచ్చు. రాయవలసినవి నెట్ లేకుండా రాసుకుని, స్టేషన్ రాగానే పంపండి.

ఇక లాప్‌టాప్‌లు తెరవండి. ఈ మందిరం రౌటర్ అదిగో, ఆ ఎడమ స్తంభం మీద ఉంది, పాస్‌వర్డ్ బోర్డు మీద రాశాను. మొదటి వరుసవారూ చివరి వరుసవారూ ముందుగా సిగ్నల్ అంకె, తరువాత రెండు పింగ్‌లు చూసి కాగితం మీద రాయండి. ఆ ఇనుప బీరువాల వెనక కూర్చున్న తమ్ముళ్లు తప్పకుండా రాయండి, మీ అంకె కోసమే ఎదురుచూస్తున్నాను.